పదిహేడో బిళ్ళ

సీసం కరగడానికి పెద్ద మంట అక్కర్లేదు.
నాలుగు పీట్ గడ్డలు, ఒక పాత గరిటె చాలు.
ఆ ఏడు ఓట్స్ చేలు కోతకి రాకుండానే నల్లబడ్డాయి.
కిన్నావెన్ చర్చిపెద్దలు కూర్చుని తీర్మానించారు:
మన బిచ్చగాళ్ళకి మనం బిళ్ళలు ఇవ్వాలి,
బిళ్ళ లేనివాణ్ణి వంతెన అవతలికి తోలాలి.
"ఇరవై నాలుగు కావాలి నినియన్,"
అన్నాడు గుమాస్తా గావిన్ టలక్,
"పైన ఊరి పేరు, కింద అంకె.
ఒక్కోదానికి రెండు పెన్నీలు. ఆదివారం లోపు."

అచ్చు నేనే చెక్కాను, మెత్తని రాతిలో.
అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలి.
తాగి ఉన్నానో, చలికి వేళ్ళు మాట వినలేదో
ఊరి పేరులో ఒక్క ఎన్‌ని మాత్రం తిన్నగా చెక్కేశాను.
పోత పోస్తే అది
ఊరికి వీపు పెట్టి నిలబడింది.
ఎవరు చూస్తార్లే అనుకున్నాను.
చదివేవాళ్ళు పెట్టుకోరు,
పెట్టుకునేవాళ్ళు చదవరు.
కుట్టుకోడానికి నాలుగు చిల్లులు, అంచుకి మరీ దగ్గరగా.
లోపలికి పొడిస్తే సీసం సాగుతుంది. రెండు పెన్నీలకి అంత పనా?

ఆదివారం చర్చి గుమ్మంలో పేర్లు పిలిచి పంచారు.
మూడో బిళ్ళ గ్రిజెల్ విషార్ట్‌ది.
శాలువా లోపలివైపు కుట్టుకుంది.
ప్రతి గుమ్మం ముందూ మడత కాస్త ఎత్తి
పుండు చూపించినట్టు చూపించేది.
ఎనిమిదోది ఒంటికాలి నావికుడు డాడ్ లీపర్‌ది.
బూడిదేసి తోమి తోమి వెండి చేశాడు.
"ఏ యుద్ధంలో ఇచ్చారు తాతా?" అని పిల్లలడిగితే
రోజుకో యుద్ధం చెప్పేవాడు.
అన్నిట్లోనూ గెలిచేవాడు.

బిళ్ళ బంట్రోతు ముంగో రెయిట్‌కీ ఉంది ఒకటి, ఇత్తడిది,
అరచేయంత, పట్నంలో చేయించింది.
ఇత్తడికి టోపీలు దిగుతాయి.
సీసానికి తలుపులు మూసుకుంటాయి,
కాకపోతే మూసుకునే ముందు
ఒక గుప్పెడు పిండి బయటికొస్తుంది.
ఈ ఆకలి మాది అని ఊరు రాసిచ్చిన చీటీ అది.
పక్క ఊరి ఆకలి పక్క ఊరిదే.

నవంబరులో ఒకామె వచ్చింది, నిండు నెలలతో.
ఎక్కడినుంచో చెప్పలేదు. చెప్పినా ఏం లాభం?
ముంగో వంతెనదాకా తోలుతుంటే
నా కొట్టు ముందు ఆగి, మంట వైపు చూసి అడిగింది:
"నీ దగ్గర ఒకటి మిగల్లేదా?"

మిగిలింది.
ఇరవై నాలుగు పోస్తే గరిటె అడుగున
ఇంకోదానికి సరిపడా ఉంటుంది ఎప్పుడూ.
సరదాకి పోశాను. అంకె వేయలేదు.
"లేదు," అన్నాను.
ఆమె నమ్మలేదు.
నమ్మనట్టు కనిపించకుండా వెళ్ళిపోయింది.

సీసం ఓపికగలది. ఇరవయ్యేళ్ళు నా పొయ్యి దగ్గరే కూర్చుని
నా ఊపిరిలోంచి లోపలికి నడిచింది.
ముందు కడుపునొప్పి.
తర్వాత కుడి మణికట్టు వాలిపోయింది, మెడ విరిచిన కోడిలా.
గరిటె ఎత్తలేనివాడికి కొట్టు దేనికి?
చర్చిపెద్దలు మంచివాళ్ళు. తీర్మానించారు.
గుమాస్తా ఇప్పుడు టలక్ కొడుకు. "పదిహేడు," అన్నాడు,
నా మొహం చూడకుండా, పుస్తకం చూస్తూ.

చిల్లుల్లో ఎవరిదో నీలం దారం ఇంకా ఉంది.
ఎవరిదని అడగలేదు.
వీపు తిప్పిన నా ఎన్‌ని బొటనవేలితో తడిమాను.
చదివేవాడూ పెట్టుకుంటాడన్నమాట.
ఎడమచేత్తో కుట్టుకున్నాను,
మూడో వారానికే అంచు తెగి ఒక పక్క వేలాడింది.
కోటు చిరిగింది.
"ఎవడు చేశాడో గానీ," అంది రొట్టెలామె,
పిండి పోస్తూ, జాలిగా,
"కాస్త లోపలికి పొడవాల్సింది."
"అవునమ్మా," అన్నాను.

ఇరవై అయిదోది కిటికీ గూట్లోనే ఉంది,
గుడ్డలో చుట్టి.
నిద్రపట్టని రాత్రులు తీసి చూస్తాను.
బరువు తగ్గలేదు. నునుపు పోలేదు.
చిల్లులు ఇంకా పొడవలేదు.